కొరియాను డిగ్రీగా చదవాలంటే: అనంతపురం నుంచి ఒక దారి

"అక్కా, కొరియన్ స్టడీస్ అంటే కొరియన్ భాషే కదా?" అని అడిగే పిల్లలు అనంతపురంలో ఈ మధ్య ఎక్కువయ్యారు. చాలామంది ఇంటర్ రెండో సంవత్సరం వాళ్లు. ఫోను తెరమీది బొమ్మ చూస్తే ఏ పాటల బృందానికి అభిమానులో తెలిసిపోతుంది. వెనక నిలబడిన నాన్నగారి ప్రశ్న వేరు: "ఇది చదివితే ఏమొస్తుందమ్మా?" నేను ఢిల్లీలో కొరియన్ బీఏ, ఎంఏ చేసి, ఇప్పుడు పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో దుబాసీగా పనిచేస్తున్నాను. ఆ ఇద్దరికీ కలిపి చెప్పే జవాబు ఇది. మీ మనసు జపాన్ మీదో, రష్యా మీదో, స్పెయిన్ మీదో ఉంటే దేశం పేరు మార్చుకుని చదువుకోండి. పద్ధతి మారదు.

ముందు ఆ పిల్లల ప్రశ్న. భాష ఈ చదువులో ఒక భాగం, పెద్ద భాగమే. దానితోపాటు ఆ దేశ చరిత్ర, సాహిత్యం, రాజకీయం, ఆర్థిక వ్యవస్థ, కుటుంబం, మతం, సినిమా అన్నీ పేపర్లుగా వస్తాయి. ఒక్కో పేపరును ఒక్కో అధ్యాపకుడు తన శాస్త్రం పద్ధతిలో చెబుతాడు. చరిత్ర మేడం చెప్పినదాన్ని ఆర్థిక శాస్త్రం సార్ చెప్పినదానితో కలిపే పేపరు సాధారణంగా ఉండదు. ఆ కలిపే పని విద్యార్థిదే. ఇది తెలియకుండా చేరినవాళ్లు మూడేళ్ల తర్వాత అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాళ్లుగా బయటికి వస్తారు. ఇక్కడ నేను చెప్పేదంతా ఆ కలపడం ఎలా అన్నదే.

ఇది మనకు కొత్తేమీ కాదు

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేసింది. అమెరికా ఉలిక్కిపడి 1958లో ఒక చట్టం చేసి, ఇతర దేశాల భాషలనూ సమాజాలనూ చదివించే కేంద్రాలకు డబ్బు పోసింది. మన దేశంలో 1955లోనే ఢిల్లీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ మొదలైంది, తర్వాత అది అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో (జేఎన్‌యూ) కలిసింది. హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికన్ స్టడీస్ పరిశోధన కేంద్రం వచ్చింది.

అంతకు ముందే మన సీమను ఇలా చదివేశారు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియతులు, అంటే ఊరి వివరాల దస్తావేజులు, రాయించారు. కడప జిల్లా కైఫియతులు ఒకసారి తిరగేయండి. గుడి, చెరువు, పాలెగాడు, ఇనాము, ఊరు పుట్టిన కథ అన్నీ ఒకే ఊరి కింద కలిసి ఉంటాయి. చరిత్రకు వేరుగా, ఆర్థికానికి వేరుగా గీత గీయలేదు. ఇక సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్ర గ్రంథాలను పరిష్కరింపజేశాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఒక పరాయివాడు ఒక సంస్కృతిని ఎలా చదివాడో చూడాలంటే కడప బస్సెక్కితే చాలు. చూసేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఈ చదువుకు డబ్బు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? మెకంజీ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఇప్పుడు కొరియన్ స్టడీస్‌కు విద్యార్థి వేతనాలు ఇచ్చే కొరియా ప్రభుత్వానికీ దాని లెక్క దానికి ఉంటుంది. అందులో తప్పు లేదు. ఆ లెక్క మీకు తెలిసి ఉండాలి, అంతే.

దేశాన్ని ఎంచుకోవడం

ఇష్టం ఉండాలి. నాటకాలు చూసి వచ్చిన ఇష్టమైనా సరే, పాటలు విని వచ్చినదైనా సరే. దాన్ని చూసి మూతి విరిచే పెద్దలను పట్టించుకోకండి. ఇష్టం ఉంటే సరిపోతుందా అంటే సరిపోదు. ఆ దేశం మనుషులతో, కాగితాలతో మీకు రోజువారీ సంపర్కం దొరుకుతుందా అన్నది రెండో ప్రశ్న. ఈ విషయంలో అనంతపురం వాళ్లు అదృష్టవంతులు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా కంపెనీ కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక కొరియా వాళ్లు మనకు పొరుగువాళ్లయ్యారు. బెంగళూరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే కొరియా అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. స్పెయిన్ అంటే ఇష్టమా? విసెంటె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చినప్పటి నుంచీ ఈ ఊరికి స్పానిష్ మాట కొత్త కాదు. ఆయన పెట్టిన సేవాసంస్థ ఆర్‌డీటీకి వచ్చిపోయే స్పెయిన్ వాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఇలా చేతికందే దూరంలో ఎవరూ లేని దేశాన్ని కూడా ఎంచుకోవచ్చు, కానీ రెట్టింపు కష్టపడాలి.

డిగ్రీని ఎంచుకోవడం

పేరు చూసి చేరకండి, పాఠ్య ప్రణాళిక చూసి చేరండి. దారులు ప్రధానంగా రెండు.

మొదటిది, భాష పునాదిగా ఉన్న ఆనర్స్ బీఏ. జేఎన్‌యూలో కొరియన్, జపనీస్, చైనీస్, రష్యన్, స్పానిష్ లాంటి భాషల్లో ఈ డిగ్రీ ఉంది. ఇంటర్‌లో మీరు ఏ గ్రూపు చదివారన్నది అడ్డు కాదు. ఎంపీసీ వాళ్లూ బైపీసీ వాళ్లూ నాతో చదివారు. ప్రవేశం 2022 నుంచి సీయూఈటీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతోంది. ఆ పరీక్షను తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ఏ కోర్సుకు ఏ పేపర్లు రాయాలో మాత్రం ఆ సంవత్సరం ప్రకటనలో విశ్వవిద్యాలయం చెప్పినదే చూడండి. పోయినేడు సీటు వచ్చిన సీనియరు మాట నమ్ముకోకండి.

రెండోది, ఇక్కడే డిగ్రీ చేసి పీజీకి వెళ్లడం. చరిత్ర, ఆర్థిక శాస్త్రం, రాజనీతి శాస్త్రం వీటిలో ఒకటి మేజర్‌గా అనంతపురంలోనో కడపలోనో కర్నూలులోనో చదువుతూ, భాషను పక్కన నేర్చుకోవాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఈస్ట్ ఏషియన్ స్టడీస్ ఎంఏ ఉంది. జేఎన్‌యూలో అంతర్జాతీయ అధ్యయనాల విభాగం ఉంది. పద్దెనిమిదేళ్లకే ఢిల్లీ పంపలేమనే ఇళ్లకు ఇది మంచి దారి. నా మొగ్గు కూడా కొంచెం ఇటే. ఒక శాస్త్రంలో గట్టి పునాదితో వచ్చినవాళ్లు ఎంఏలో నాకంటే వేగంగా వెళ్లడం చూశాను. నాకు భాష వచ్చు, వాళ్లకు ప్రశ్న వేయడం వచ్చు.

పాఠ్య ప్రణాళిక చేతికొచ్చాక మూడు విషయాలు వెతకండి. ఆ దేశ భాషలో రాసిన అసలు పాఠాలను చదివించే పేపరు ఉందా? గత యాభై ఏళ్ల సమాజం గురించి ఒక్క పేపరైనా ఉందా, లేక రాజులతోనే ఆగిపోయిందా? చివర్లో మీరే ఒక అంశం తీసుకుని రాసే పరిశోధన వ్యాసం ఉందా? మూడూ లేని చోట మీకు దక్కేది భాషా శిక్షణ. అది కావాలంటే ఇంత ఖర్చు అక్కర్లేదు.

భాష

హంగుల్ అక్షరాలు వారంలో వచ్చేస్తాయి. 1443లో సెజాంగ్ రాజు కాలంలో రూపొంది, 1446లో ప్రకటితమైన లిపి అది. మామూలు జనం నేర్చుకోవాలనే చేసింది కాబట్టి మనకూ తేలికే. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. ఇక్కడ మనవాళ్లకు ఒక సలహా: ఇంగ్లిషు వ్యాకరణ పుస్తకాల ద్వారా కాకుండా తెలుగు ద్వారా నేర్చుకోండి. కొరియన్‌లోనూ క్రియ చివర్లోనే వస్తుంది. నామవాచకం వెనక మన విభక్తుల్లాంటివే తగులుతాయి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు క్రియ రూపమే మారుతుంది. ఇంగ్లిషు మాధ్యమంలో చదివిన నా తోటివాళ్లు తలకిందులుగా కడుతున్న వాక్యాలు మనకు నేరుగా వస్తాయి. చెన్నైలోని ఇన్‌కో సెంటర్‌లో తరగతులు ఉంటాయి. కింగ్ సెజాంగ్ ఇన్‌స్టిట్యూట్ పాఠాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొరియన్ భాష ఎంత వచ్చో కొలిచే టోపిక్ పరీక్షలో ఆరు స్థాయిలు ఉంటాయి. దినపత్రికను అర్థం చేసుకోవడానికి నాలుగో స్థాయి దాకా రావాలి. అక్కడికి చేరేదాకా మీరు చదివేదంతా ఎవరో ఇంగ్లిషులో వండి పెట్టినదే.

335 బస్తాల సిమెంటు

ఇప్పుడు అసలు పని. రకరకాల పేపర్లను ఎలా కలపాలో ఒక ఉదాహరణతో చూపిస్తాను.

1970లో దక్షిణ కొరియా ప్రభుత్వం దేశంలోని 33 వేలకు పైగా పల్లెలకు ఒక్కో ఊరికి 335 బస్తాల సిమెంటు ఉచితంగా పంచింది. ఒకటే షరతు, దాన్ని ఊరి ఉమ్మడి పనికే వాడాలి. బాగా వాడిన ఊళ్లకు మరుసటి విడత 500 బస్తాల సిమెంటు, ఒక టన్ను ఇనుము ఇచ్చింది. వాడని ఊళ్లకు ఏమీ లేదు. ఇదే సెమాఉల్ ఉద్యమం, అంటే కొత్త ఊరు ఉద్యమం. పాఠ్య పుస్తకంలో రెండు పేజీల్లో అయిపోతుంది. పల్లెలు బాగుపడ్డాయి, అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ గొప్ప నాయకుడు, తర్వాతి అధ్యాయం.

అక్కడ ఆగకండి. ఆ బస్తాలను ఆర్థిక శాస్త్రం తరగతికి మోసుకెళ్లండి. సిమెంటే ఎందుకు? అప్పటికి దేశంలో సిమెంటు ఉత్పత్తి అవసరానికి మించి నిల్వలు పేరుకుపోయాయి. పల్లె ఆదాయాలు పెరిగినమాట నిజమే. కానీ అదే సమయంలో ప్రభుత్వం రైతుల దగ్గర వడ్లు ఎక్కువ ధరకు కొనడం పెంచింది, అధిక దిగుబడి వరి వంగడం తెచ్చింది. మరి ఆదాయం పెంచింది సిమెంటా, ధరా, వంగడమా?

రాజకీయం తరగతికి వెళ్లండి. 1971 ఏప్రిల్‌లో అధ్యక్ష ఎన్నిక. ప్రత్యర్థి కిమ్ దే జుంగ్ గట్టి పోటీ ఇచ్చాడు. 1972 అక్టోబరులో పార్క్ సైనిక శాసనం విధించి, కొత్త రాజ్యాంగంతో తన అధికారానికి గడువే లేకుండా చేసుకున్నాడు. పల్లె ఓటుకూ పల్లెకు వెళ్లిన సిమెంటుకూ సంబంధం ఏమిటి?

సమాజ శాస్త్రం తరగతిలో ఇంకో ముఖం కనిపిస్తుంది. ఊరి పెద్దరికం చేతులు మారింది. కులీన వంశాల ముసలివాళ్ల చేతుల్లోంచి ఉద్యమ నాయకులుగా ఎన్నికైన యువకుల చేతుల్లోకి, కొన్నిచోట్ల ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్లింది. సంస్కృతి పేపరులో అడిగితే ఏడుపు వినిపిస్తుంది. మూఢనమ్మకాల నిర్మూలన పేరుతో ఊరి పొలిమేరల్లోని గ్రామదేవత గుళ్లు కూల్చారు. గడ్డి కప్పులు పీకి రేకులు వేయించారు. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉందని తర్వాతి తరాలు వాటిని తీయించడానికి మళ్లీ డబ్బు పెట్టాల్సి వచ్చింది. అది పర్యావరణ చరిత్ర.

ఒకే బస్తా, ఐదు తరగతులు. ఐదు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగవు, పొసగాల్సిన అవసరం కూడా లేదు. ఏ జవాబు ఏ ఆధారం మీద నిలబడిందో చెప్పగలిగితే మీరు ఆ దేశాన్ని చదవడం మొదలుపెట్టినట్లు. నీటి గుంటలకూ చెక్‌డ్యాములకూ ప్రభుత్వ డబ్బు రావడం, ఊళ్లో ఎవరి పొలం పక్కన కట్టాలన్న తగాదా, కమిటీలో ఎవరు కూర్చోవాలన్న రాజకీయం ఇవన్నీ చూస్తూ పెరిగిన అనంతపురం పిల్లకు ఈ పాఠం ఢిల్లీ పిల్లకంటే తొందరగా ఎక్కుతుంది. పల్లె నుంచి వచ్చామని తగ్గి మాట్లాడకండి. ఈ చదువులో అది ఆస్తి.

ప్రతి సెమిస్టరులో ఇలాంటి ఒక్క వస్తువు పట్టుకోండి. కిమ్చి కావచ్చు, నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష కావచ్చు. ఆ రోజు ఇంగ్లిషు వినికిడి పరీక్ష జరిగేంతసేపు విమానాలు కూడా దిగవు, ఎగరవు. ఒక పరీక్ష కోసం ఆకాశం ఆపే సమాజం ఎలాంటిది? కోచింగ్ సెంటర్లకు పిల్లలను అప్పగించే మనకు ఆ ప్రశ్న వేసే హక్కు పూర్తిగా ఉంది. నోటు పుస్తకంలో వస్తువుకు కొన్ని పేజీలు వదిలి, ఏ పేపరులో దాని ప్రస్తావన వచ్చినా తెచ్చి అక్కడే రాయండి. పేపరుకో పుస్తకం పెట్టుకుంటే అవి ఎప్పటికీ కలవవు.

గోడమీద తేదీలు

చరిత్ర గుర్తుండటానికి రెండు వరుసల పట్టిక రాసి గోడకు అంటించండి. ఎడమవైపు వాళ్ల తేదీలు, కుడివైపు మనవి. 1945 ఆగస్టు 15న జపాన్ పాలన నుంచి కొరియాకు విముక్తి. సరిగ్గా రెండేళ్లకు అదే తేదీన మనకు స్వాతంత్ర్యం. 1953 జూలైలో కొరియా యుద్ధ విరామం. అదే ఏడు అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం. ఆ నెలల్లోనే స్వదేశం వెళ్లనన్న యుద్ధ ఖైదీల సంగతి తేల్చడానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన ఏర్పడిన తటస్థ దేశాల సంఘం కొరియాలో పనిచేస్తోంది. మనవాళ్లు గుడారాల రాజధానికి దారి వెతుక్కుంటుంటే, మన సైనికులు అక్కడ ఖైదీల గుడారాలకు కాపలా కాస్తున్నారు. ఇలా పక్కపక్కన పెడితే ఏ తేదీనీ బట్టీ పట్టనక్కర్లేదు.

పోలికల దగ్గర జాగ్రత్త

మనవాళ్లు త్వరగా పడే గొయ్యి ఒకటుంది. కొరియా నైరుతిలో జొల్లా ప్రాంతం ఉంది. పార్క్ హయాంలో పోహాంగ్ ఉక్కు, ఉల్సాన్ కార్లు, నౌకలు అన్నీ ఆగ్నేయంలోని గ్యాంగ్‌సాంగ్‌కు వెళ్లాయి. పార్క్ సొంత ప్రాంతం అదే. జొల్లా వెనకబడింది. 1980 మేలో అక్కడి గ్వాంగ్‌జు నగరంలో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. ఇది వినగానే సీమ విద్యార్థి లేచి, సీమ, కోస్తా నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నుంచి మొదలుపెట్టి మన కథ చెబుతాడు. చెప్పాలి కూడా. కానీ పరీక్షలో "జొల్లా అంటే కొరియా రాయలసీమ" అని రాస్తే మార్కులు పోతాయి, పోవాలి. జొల్లా వరి పండే సారవంతమైన నేల, మనది వాన కోసం ఎదురుచూసే నేల. జొల్లా నుంచి కిమ్ దే జుంగ్ 1998లో అధ్యక్షుడయ్యేదాకా ఆ ప్రాంతం నుంచి అధ్యక్షుడు లేడు. మన సీమ ముఖ్యమంత్రులకు కొదవ లేదు. పోలిక ప్రశ్న పుట్టించడానికి పనికొస్తుంది. తేడాలు రాయడం మొదలుపెట్టాకే అది జవాబుగా మారుతుంది.

దీనికి తోడు ఇంకో నియమం: "కొరియన్లు ఇలా ఉంటారు" అనే వాక్యం రాసిన ప్రతిసారీ ఆగి, ఏ వయసువాళ్లు, ఏ ప్రాంతం, ఆడా మగా, చర్చికి వెళ్లేవాళ్లా కాదా అని అడగండి. ఆ వాక్యం సగం సార్లు కొట్టేయాల్సి వస్తుంది.

నాన్నగారి ప్రశ్నకు

ఉద్యోగాలు ఉన్నాయి. దుబాసీ, అనువాదం, కంపెనీల మానవ వనరుల విభాగం, బోధన, ఉపశీర్షికలు రాయడం. విద్యార్థి వేతనంతో కొరియా వెళ్లి చదవాలంటే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ ఉంది. కాగితం మీది అనువాదం ఇప్పుడు ఫోను కూడా చేస్తుంది, కాబట్టి భాష ఒక్కదాన్నే నమ్ముకుని పిల్లను పంపకండి.

ఫోను చేయలేని పని ఎలా ఉంటుందో చెబుతాను. మా కంపెనీలో ఒక కార్మికుడి తండ్రి పోయాడు. మూడు రోజులు సెలవు ఇచ్చారు. తర్వాత అతను పెద్దకర్మకు మళ్లీ సెలవు అడిగాడు. కొరియా మేనేజరు ముఖం చిట్లించాడు, "అంత్యక్రియలు అయిపోయాయిగా?" అని. అతనిది దయలేనితనం కాదు. కొరియాలో అంత్యక్రియలు సాధారణంగా మూడు రోజుల్లో ముగుస్తాయి. ఎక్కువగా ఆసుపత్రికి అనుబంధంగా ఉండే హాలులోనే జరిగిపోతాయి. నేను "పెద్దకర్మ" అన్న మాటను అనువదించి ఊరుకుంటే అతనికి ఏమీ అందేది కాదు. కొరియా బౌద్ధ కుటుంబాలు నలభై తొమ్మిదో రోజున చేసే కర్మ గుర్తుచేసి, "మా దగ్గర అది పదకొండో రోజున వస్తుంది, పెద్ద కొడుకు లేకుండా జరగదు" అన్నాను. మేనేజరు కాసేపు ఆలోచించి, తన నాయనమ్మకు అలా చేశామని చెప్పి సంతకం పెట్టాడు. మత విశ్వాసాల పేపరులో చదివిన ఒక్క పేరా ఆ సంతకం పెట్టించింది. కార్మికుడికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

పరిశోధన వ్యాసానికి

చివరి సంవత్సరంలో అంశం ఎంచుకునేటప్పుడు సగం ఆధారాలు ఇక్కడ దొరికేది తీసుకోండి. ఢిల్లీలో కూర్చుని సియోల్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. పెనుకొండలో కొరియా వాళ్లు దిగాక ఇళ్ల అద్దెలు, హోటళ్ల వంటలు, ఆడపిల్లల ఉద్యోగాలు ఎలా మారాయో రెండు భాషల్లోనూ అడిగి రాయగలిగేది మీరొక్కరే. కంపెనీ గేటు దగ్గర మొదలుపెట్టకండి. అనుమతి కాగితాలతోనే సెమిస్టరు గడిచిపోతుంది. ఇల్లు అద్దెకిచ్చిన యజమానిని, కొరియా వంట నేర్చుకున్న మన వంటమనిషిని, కూరగాయల అంగడి ఆమెను ముందు కలవండి. ఎందుకు అడుగుతున్నారో, ఎక్కడ రాస్తారో వాళ్లకు ముందే చెప్పండి. పేర్లు రాయకండి. కొరియా వాళ్లతో మాట్లాడే ముందు టోపిక్ నాలుగో స్థాయి పూర్తిచేసుకోండి. అంతకు ముందు వెళితే వాళ్లు మర్యాదకు ఇంగ్లిషులో రెండు మాటలు చెప్పి పంపేస్తారు. వ్యాసం అయ్యాక ఒక ప్రతిని ఆ ఇంటి యజమానికి తెలుగులో రాసి ఇవ్వండి. తప్పులుంటే మీ గైడు కంటే ముందు ఆయనే పట్టుకుంటాడు.